పోటాగఢ్ కొలతల డైరీ: గంజాం నక్షత్రకోట చుట్టూ రెండు నెలలు

నవంబరు 3, బరంపురం

నీటిపారుదల పనులకు నక్షలు గీస్తూ ముప్పై ఏళ్లకు పైగా గడిపినవాణ్ని కాబట్టి, ఏ మట్టికట్ట కనబడినా దాని వాలు ఎంత, మట్టి ఎక్కడి నుంచి తవ్వి తెచ్చారు, వాన నీరు ఎటు దిగిపోతుంది అన్న ప్రశ్నలే నాకు ముందు తోస్తాయి. బరంపురం నుంచి భువనేశ్వరం వెళ్లే జాతీయ రహదారిలో ఋషికుల్య వంతెన దాటితే గంజాం ఊరు వస్తుందని, ఆ ఊరి పక్కన ఏటి ముఖద్వారానికి దగ్గరగా పోటాగఢ్ అనే పాత కోట ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అయినా ఇన్నేళ్లలో బస్సు కిటికీలోంచి అటువైపు చూడడమే గాని ఒక్కసారి కూడా దిగి నడవలేదు. ఇంటికి 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోటను చూడకుండా రిటైరయ్యానన్న సిగ్గుతోనే ఈ పని మొదలుపెడుతున్నాను.

పని రెండు భాగాలు. మొదటిది, కోట వెలుపలి గీతను గుడ్డ టేపు, ప్రిజ్మాటిక్ కంపాసుతో (కంటికి ఎత్తి చూసి దిక్కు కోణం చదివే దిక్సూచితో) కొలిచి కాగితం మీద పెట్టడం. రెండవది, మా వీధి చివరి తెలుగు గ్రంథాలయంలో పిల్లలు చూడడానికి వీలుగా మట్టితో చిన్న నమూనా చేయడం. తవ్వకం ఉండదు, ఇటుక ముక్క కూడా ఇంటికి రాదు, మొక్క నరకం. ఈ మూడు షరతులను ఫీల్డ్ బుక్కు మొదటి పేజీలో రాసి, నాతో వచ్చే మేనల్లుడి చేత సంతకం పెట్టించాను. వాడు ఇంజనీరింగు చివరి సంవత్సరంలో ఉన్నాడు. డ్రోను ఎగరేస్తే ఒక్క పూటలో తేలిపోయే పనికి మనం రెండు నెలలు ఎందుకు పెట్టుకుంటున్నామని అడిగాడు. డ్రోనుకు పైనుంచి పొదలే కనబడతాయని, పొద కింద కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కాలికే తెలుస్తుందని చెప్పాను. వాడు నమ్మలేదు.

మాతో మూడవ మనిషి, ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి రిటైరైన ఒడియా మాస్టారు. ఆయన తెలుగు నా ఒడియా కంటే బాగుంటుంది. బరంపురంలో ఇది వింతేమీ కాదు.

నవంబరు 9, గంజాం

మొదటి చూపులో కోట కనబడలేదు. ఉన్న మాటే రాస్తున్నాను. గోల్కొండనో కొండవీడునో మనసులో పెట్టుకుని వచ్చేవాడికి ఇక్కడ చూడడానికి ఏమీ లేదని అనిపిస్తుంది, ఎందుకంటే ఇది కొండ మీద కోట కాదు, ఎత్తయిన రాతిగోడల కోట అంతకన్నా కాదు. చదునైన నేల మీద, మట్టికట్టలు కందకాలు ఆధారంగా కట్టిన నక్షత్రాకారపు కోట. అలాంటిది పాడుబడితే గోడ కూలినట్టు కనబడదు, చెరువు గట్టు చెదిరినట్టు కనబడుతుంది. తుమ్మ, మొగలి పొదల మధ్య నేల ఒకచోట అకారణంగా పైకి లేస్తుంది, అక్కడి నుంచి పల్లంలోకి దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ లేవడం, దిగడం ఒక వరుసలో సాగి, ఒకచోట ఉన్నట్టుండి పదునుగా మలుపు తిరిగినప్పుడు మాత్రం ఇది వాన చేసిన పని కాదని, ఎవరో కాగితం మీద గీసి తవ్వించిన గీత అని అర్థమవుతుంది.

ఈ మలుపు దగ్గర అరగంట నిలబడిపోయాను. మన ప్రాంతపు పాత కోటల్లో మూల అంటే గుండ్రటి బురుజు. ఇక్కడి మూల బాణం మొన. పందొమ్మిదో శతాబ్దపు తొలి గెజిటీరులో గంజాం కోటను చదును నేల మీది చిన్న పంచభుజిగా వర్ణించారు. ఐదు మూలలకూ ఐదు మొనలు పెట్టి గీస్తే పంచభుజి నక్షత్రం అవుతుంది కనుక, నక్షత్రకోట అన్న మాటకూ పంచభుజి అన్న మాటకూ పేచీ లేదు.

లోపల పాడుబడిన కట్టడాల గోడలున్నాయి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లదలచుకోలేదు, వెలుపలి గీత తేలితే చాలు. మొగలి ఆకుల అంచులు మాత్రం మా ముగ్గురి చేతుల మీదా తమ కొలతలు తాము తీసుకున్నాయి. గంజాం జిల్లా మొగలి అత్తరుకు పేరున్న సీమ. ఛత్రపురం చుట్టుపక్కల రాగి డేగిశాల్లో ఆ పూలను బట్టీ పడతారు. పువ్వు మీద అంత ప్రేమ ఉన్నవాళ్లు ముల్లును ఎలా భరిస్తారో ఈ రోజు కొంత తెలిసింది.

నవంబరు 16, గంజాం

రోజంతా వృథా. కారణం నేనే.

కందకం వెలుపలి గట్టు వెంబడి స్టేషన్లు, అంటే కొలత మేకులు, పెట్టుకుంటూ కోటను ఒక చుట్టు చుట్టి, మొదలుపెట్టిన మేకు దగ్గరికే తిరిగి రావాలన్నది పథకం. ప్రతి గీతకూ ముందు చూపు ఒకటి, వెనుక చూపు ఒకటి తీయాలి. ఒకటో మేకు నుంచి రెండో మేకును చూస్తే 46 డిగ్రీలు వచ్చింది. రెండో మేకు నుంచి ఒకటోదాన్ని చూస్తే దానికి 180 కలిపి 226 రావాలి. 219 వచ్చింది. ఏడు డిగ్రీల తేడా అంటే చదివేవాడి కంటి పొరపాటు కాదు, దగ్గర్లో ఎక్కడో ఇనుము ఉండి ముల్లును లాగుతోందని అర్థం. నేలలో పాత ఫిరంగి ఏదైనా పూడి ఉందేమోనని మేనల్లుడి కళ్లు మెరిశాయి. ఆ ఆశ నాకూ కలగలేదని అనను. మేకును పది అడుగులు జరిపి చూశాం, తేడా పోలేదు. ఇంకో పది అడుగులు జరిపాం. ఫిరంగి మాతోపాటే జరుగుతున్నట్టుంది.

మధ్యాహ్నం రెండింటికి మాస్టారు నెమ్మదిగా, "మీ జేబులో ఏముంది బాబూ?" అని అడిగారు. చొక్కా జేబులో ఫోను ఉంది. ఫోను తొడుగు మూతకు అయస్కాంతం ఉంది. కంపాసును కంటికి ఎత్తిన ప్రతిసారీ ఆ అయస్కాంతం ముల్లుకు జానెడు దూరంలో ఉంటోంది. రెండో మేకు నుంచి కొలతలు తీసేటప్పుడు మాత్రమే తేడా ఎందుకు వచ్చిందంటే, మొదటి మేకు దగ్గర ఫోనును సంచిలో పెట్టాను, రెండో మేకు దగ్గర ఎవరో ఫోన్ చేస్తే తీసి జేబులో వేసుకున్నాను.

"మావయ్యా, ఫిరంగి దొరికింది కదా!" అన్నాడు మేనల్లుడు. వాడి చేత సంతకం పెట్టించిన షరతులకు కింద, ఫోన్లు సంచిలోనే ఉండాలన్న నాలుగో షరతు రాసి, ఈసారి నేను సంతకం పెట్టాను.

నవంబరు 22, బరంపురం

వాన. ఇంట్లో కూర్చుని, ఈ కోట కట్టిన 1768 గురించి రాసుకున్నాను. ఆ ఏడాదే ఎందుకు, ఇక్కడే ఎందుకు అన్నది తేలకుండా నమూనా చేస్తే అది బొమ్మల కొలువులో బొమ్మ అవుతుంది.

ఈ సీమ అప్పట్లో చికాకోలు సర్కారులో, అంటే శ్రీకాకుళం సర్కారులో, ఉత్తరపు కొస. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. దాని తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం కప్పాలు వసూలు చేసుకుంటూ గంజాం దాకా సాగింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కల్నల్ ఫోర్డ్ చేతిలో ఫ్రెంచివారు ఓడారు. 1765 ఆగస్టు 12న మొగలు పాదుషా షా ఆలం ఫర్మానా, 1766 నవంబరు 12న నిజాం అలీతో ఒడంబడిక, ఈ రెండు కాగితాలతో సర్కారులు ఇంగ్లీషు కంపెనీ పేరు మీదికి వచ్చాయి. కాగితం మీద వచ్చినంత మాత్రాన నేల మీద రాలేదు. పర్లాకిమిడి నారాయణదేవు ఎదురు తిరిగి 1768లో జలుమూరు దగ్గర కల్నల్ పీచ్ సైన్యంతో పోరాడి ఓడిపోయాడు. ఆ ఏడాదే ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ అనే అతను మొదటి రెసిడెంటుగా, అంటే కంపెనీ తరఫు అధికారిగా, గంజాంలో దిగాడు, కోట కట్టించాడు.

ఇక్కడే ఎందుకన్నదానికి జవాబు గోడకు వేలాడుతున్న జిల్లా పటంలోనే ఉంది. గంజాంకు ఉత్తరాన చిలికా సరస్సు. చిలికాకు ఆవల కటకం రాజ్యం. 1751 నుంచి అది నాగపురం మరాఠాలైన భోంస్లేల చేతిలో ఉంది. అంటే ఇంగ్లీషువారి మద్రాసు ప్రభుత్వానికి సంబంధించినంత వరకు కోస్తా దారి గంజాంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి మరాఠా సీమ. ఒక వైపు మరాఠాలు, ఒక వైపు కొండల అంచున శిస్తు కట్టడానికి ఒప్పుకోని జమీందారులు, మూడో వైపు సముద్రం, కాళ్ల దగ్గర ఓడల రేవు ఉన్న ఏటి ముఖం. సరిహద్దు కాపలావాడు ఇల్లు కట్టుకోవలసివస్తే ఎక్కడ కట్టుకుంటాడో కాట్స్‌ఫర్డ్ సరిగ్గా అక్కడే కట్టుకున్నాడు. గంజాం అన్న పేరును గంజ్-ఎ-ఆమ్, లోకానికంతటికీ ధాన్యపు కొట్టు, అన్న పారసీ మాట నుంచి చెబుతారు. ధాన్యపు కొట్టు ఉన్నచోట తాళం కూడా ఉండాలి కదా.

డిసెంబరు 1, బరంపురం

అసలు మట్టి ముట్టుకునే ముందు అట్టతో ఒక పచ్చి నమూనా చేశాను. పంచభుజి గీయడంలో కష్టం లేదు: వృత్తాన్ని 72 డిగ్రీల చొప్పున ఐదుగా విడగొట్టి కలిపితే లోపలి మూలలు 108 డిగ్రీల చొప్పున వస్తాయి. కష్టం మొనల దగ్గర వచ్చింది. మొన ఎంత పదునుగా ఉండాలి? మెడ ఎంత వెడల్పు ఉండాలి? అందంగా ఉండడం కోసం గీస్తే ఏ కోణమైనా సరిపోతుంది. కోటలు అందం కోసం మొనలు తేలవు.

రాత్రి కరెంటు పోయినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. బల్ల మీద అట్టగోడ ఒకటి నిలబెట్టి, దాని రెండు చివర్లా బురుజులకు బదులు రెండు కొబ్బరి నూనె డబ్బాలు పెట్టి ఉన్నాయి. చేతిలో చిన్న టార్చి. టార్చిని ఎడమ డబ్బా పక్కన, గోడ అంచున ఆనించి, కుడి డబ్బా వైపు వెలిగించాను. వెలుగు పోయిన దారి తుపాకి గుండు పోయిన దారి అనుకోవాలి. గోడ ముందు నేలంతా వెలిగింది. కుడి డబ్బా ఎడమ చెంప కూడా వెలిగింది. ఆ డబ్బా మూతికి ముందు, బయటి వైపు, ముక్కోణపు చీకటి మిగిలిపోయింది. ఆవలి గోడ చివర నుంచి ఇంకో టార్చి వెలిగించమని మేనల్లుడికి చెప్పాను. రెండు వెలుగులూ డబ్బాను రెండు పక్కల ఒరుసుకుంటూ పోయి దూరంగా ఒకచోట కలిశాయి. డబ్బాకూ ఆ కలిసిన చోటుకూ మధ్య చీకటి మాత్రం అలాగే ఉంది. శత్రువు ఒక్కసారి పరుగెత్తి ఆ చీకట్లోకి చేరాడంటే పక్క బురుజుల మీది తుపాకులు అతణ్ని ఏమీ చేయలేవు. డబ్బా మీద ఉన్నవాడు కిందికి వంగి కాల్చాలి, వంగితే తానే గురి అవుతాడు. ఆ చీకట్లో శత్రువు నింపాదిగా కూర్చుని గోడ కింద గొయ్యి తవ్వి మందుగుండు దట్టించుకోవచ్చు.

అప్పుడు ఆ చీకటి ముక్కోణం అంచుల వెంబడి పెన్సిలుతో గీత గీసి, దాని కొలతకు అట్ట కత్తిరించి డబ్బా ముందు పెట్టాను. రెండు టార్చీల వెలుగూ ఆ అట్ట రెండు ముఖాల వెంబడి నున్నగా జారిపోయింది. ఎక్కడా చీకటి లేదు. పెట్టిన అట్ట బాణం మొన ఆకారంలో ఉంది!

నక్షత్రకోట మర్మమంతా ఇదే. గుండ్రటి బురుజు ముందు గురికి అందని నేల ఏదైతే ఉందో, ఆ నేలనంతా మట్టితో నింపేసి బురుజులో కలుపుకుంటే వచ్చేదే నక్షత్రపు మొన. ఆ మొన కోణాన్ని నిర్ణయించేది దాని మీద నిలబడ్డవాడు కాదు, పక్క మొన చంకలో తుపాకి పట్టుకుని నిలబడ్డవాడు. ఏ మొనా తనను తాను కాచుకోదు, ఇరుగుపొరుగు మొనలు కాస్తాయి. ఈ పద్ధతి పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో ఇటలీలో ఫిరంగులకు విరుగుడుగా పుట్టింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సులో వోబాన్ అనే కోటల ఇంజనీరు దాన్ని లెక్కల శాస్త్రంగా తీర్చిదిద్దాడు. కంపెనీ ఇంజనీర్లు ఓడల మీద ఇక్కడికి తెచ్చారు. కలకత్తాలో కొత్త ఫోర్ట్ విలియం పని కూడా గంజాం కోట కట్టే నాటికి నడుస్తూనే ఉంది.

గోడలు పొట్టిగా, మందంగా, మట్టితో ఉండడానికి కూడా కారణం ఫిరంగే. ఎత్తయిన రాతిగోడకు గుండు తగిలితే రాయి పగిలి పెచ్చులు లేచి లోపలివాళ్లనే కొడుతుంది. మట్టికట్టకు తగిలితే గుండు మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోతుంది. బొబ్బిలిది కూడా మట్టికోటే కదా, అది బుస్సీ ఫిరంగుల ముందు ఎందుకు నిలవలేదని మాస్టారు అడిగారు. మట్టి ఒక్కటే సరిపోదు, గురికి అందని నేల లేకుండా గీత కూడా కుదరాలి, దానికి తోడు లోపల బదులు చెప్పే ఫిరంగులుండాలి అన్నాను. ఆయన తల ఊపారు గాని, ఒప్పుకున్నట్టు కనబడలేదు. బొబ్బిలి వీరుల మాట వచ్చినప్పుడు ఒడియావాళ్లకు కూడా జామెట్రీ చాలదు.

ఈ డైరీలో ఇప్పటి వరకు నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ ఇదే. గ్రంథాలయంలో నమూనా పక్కన రెండు టార్చీలు, రెండు డబ్బాలు కూడా పెట్టాలని నిర్ణయించాను.

డిసెంబరు 8, గంజాం

తొమ్మిది స్టేషన్లు పూర్తయ్యాయి. పొదలు అడ్డం వచ్చినచోట నేరుగా కొలవలేక, గీతకు లంబంగా పక్కకు ఆఫ్‌సెట్లు తీసుకుంటూ కట్ట అంచును పట్టుకున్నాం.

పదకొండు గంటలకు నెత్తిన చేపల గంపతో ఒక ముసలమ్మ గట్టు మీదుగా వెళ్తూ ఆగింది. టేపును, మేకులను, మా ముఖాలను వరుసగా చూసి, "ఏటి బాబూ, కొలుత్తన్నారు? ఈ బూవి కూడా ఎవులికో ఇచ్చేత్తన్నారేటి?" అని అడిగింది. అచ్చమైన శ్రీకాకుళం తీరపు తెలుగు. ఋషికుల్య ముఖద్వారం చుట్టూ ఉన్న చేపల పల్లెల్లో చాలావాటి మాట ఇప్పటికీ తెలుగే. ఎవరికీ ఇవ్వడం లేదమ్మా, పాత కోట ఎంత ఉందో చూస్తున్నామని చెప్పాను.

"కోటా?" అని నవ్వింది. "కోటకేటి బాబూ, ఉన్నకాడే ఉంది. మా పోడంపేటని కొలండి. సముద్రం తినీసింది. మా ఇల్లు ఎక్కడుండీదో ఇప్పుడు పడవెక్కి చూపించాల."

పోడంపేట ఊరిని సముద్రం కోసుకుపోవడం, అక్కడివాళ్లు వెనక్కి తరలిపోవడం నేను పత్రికల్లో చదివినదే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలుగా వచ్చి గుడ్లు పెట్టే తీరం కూడా అదే. చదివినప్పుడు అది తీరం గురించిన వార్తగా తోచింది. ఆమె గంప దింపకుండా నిలబడి చెబుతున్నప్పుడు, చేతిలోని టేపును ఏం చేయాలో తెలియక చుట్టేశాను. రెండు కవళ్ల చేపలు కొన్నాం. మేనల్లుడు ఆమె గంపను తిరిగి సరిచేసి నెత్తికెత్తాడు. వాడు అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత ఒక పాడుగోడ నీడలో కూర్చుని అన్నాలు తిన్నాం. ఊడి పడి ఉన్న ఇటుక ఒకటి పక్కనే ఉంది. ఎత్తలేదు, పడి ఉన్నచోటే చూశాను. ఇప్పటి ఇటుక కంటే పలచన, ఒక ముఖం మీద గచ్చు ఇంకా అంటుకుని ఉంది. ఆ గచ్చులో గోరంత తెల్లటి తునకలున్నాయి. వంగి భూతద్దంతో చూస్తే ఒక తునక మీద సన్నటి గాళ్లు, అంచున వంపు. ఆల్చిప్ప. సున్నపురాయి దొరకని ఈ తీరంలో చిప్పలు కాల్చి సున్నం చేయడం పాత పద్ధతే. ఆ తునక మాత్రం బట్టీలో సరిగా కాలకుండా, సున్నం కాకుండా, చిప్పగానే మిగిలిపోయి గోడలో చేరింది. బట్టీ దగ్గర ఎవరో ఆ రోజు తొందరపడ్డారు. కంట్రాక్టు పనుల్లో సగం కాలిన సరుకు బిల్లు ఎన్నోసార్లు చూసినవాణ్ని కాబట్టి, ఆ ముక్కను చూస్తే కోపం రావలసింది పోయి పాత పరిచయం కనబడినట్టనిపించింది.

డిసెంబరు 11

గంజాం ఊరి పాత రెవెన్యూ పటం నకలు కోసం ఒక కార్యాలయానికి మూడోసారి వెళ్లాను. మొదటిసారి దరఖాస్తు ఒడియాలో రాయమన్నారు, రెండోసారి ఏ సంస్థ తరఫున అడుగుతున్నారో ఉత్తరం తెమ్మన్నారు, ఈసారి సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నారు. పటం లేకుండానే నక్ష పూర్తిచేస్తాను.

డిసెంబరు 15, బరంపురం

కోట మీద ఏ యుద్ధం జరిగి అది పడిపోయిందని మేనల్లుడు అడిగాడు. పిల్లలు కూడా గ్రంథాలయంలో మొదట ఇదే అడుగుతారు కనుక జవాబు సరిగా రాసుకోవాలి.

ఈ కోటను పాడుపెట్టింది దాని సొంత సైన్యం గెలుపే. 1803లో మరాఠాలతో యుద్ధం వచ్చినప్పుడు కటకం మీదికి వెళ్లే సైన్యం గంజాంలోనే కూడింది. దానికి నాయకుడు కావలసిన కల్నల్ క్యాంప్‌బెల్ జబ్బుపడితే కల్నల్ హార్‌కోర్ట్ ఆ పని అందుకుని సెప్టెంబరు 8న గంజాం నుంచి కదిలాడు. చిలికాకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుక తిన్నె మీదుగా నడిచి, మాణిక్‌పట్నం దగ్గర అక్కడి ఫౌజుదారు తోడ్పాటుతో పాయ దాటి, సెప్టెంబరు 18న పూరీ చేరాడు. అక్టోబరు 14న కటకంలోని బారాబతి కోట పట్టుబడింది. నెల రోజుల పైచిలుకులో సరిహద్దు చిలికా ఒడ్డు నుంచి లేచి ఎక్కడికో పోయింది. 35 ఏళ్లు ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్న కోటకు చూడడానికి ఎదుట ఎవరూ మిగలలేదు. తాళం వేసిన తలుపుకు అటూ ఇటూ ఒక్కరి ఇల్లే అయితే తాళం ఎందుకు?

అప్పటికి గంజాం ఇంకా జిల్లా ముఖ్యపట్టణమే. కచేరీలు, దొరల బంగళాలు ఉన్నాయి. 1790లలో ఇక్కడ పెత్తనం చేసిన స్నాడ్‌గ్రాస్ అనే దొర మాత్రం చిలికా ఒడ్డున రంభలో మేడ కట్టించుకున్నాడు. ఆ మేడ ఇప్పటికీ ఉంది. కోట పెద్దకు కోట కంటే సరస్సు గాలే నచ్చిందన్నమాట.

1815లో జ్వరం వచ్చింది. ఊరు ఊరంతా పడిపోయింది, దొరలూ జనమూ పోయారు, మిగిలినవారు చెదిరిపోయారు. జిల్లా కచేరీ బరంపురానికి తరలిపోయింది, కాలక్రమాన ఛత్రపురానికి చేరింది, ఇప్పటికీ కలెక్టరు కచేరీ అక్కడే. జిల్లాకు మాత్రం గంజాం అన్న పేరే ఉండిపోయింది. ఊరు చేజారినా పేరు వదలని ఈ జిల్లాలో పుట్టి, అరవై ఏళ్లుగా ప్రతి దరఖాస్తు మీదా గంజాం అని రాస్తూ, ఆ ఊరిలో కాలుపెట్టకపోవడం నాకు ఇప్పుడు మరింత చిత్రంగా ఉంది.

సరిహద్దు మరోసారి కదిలింది, ఈసారి దక్షిణానికి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గంజాం, ఛత్రపురం, బరంపురం అటు చేరాయి. ఇచ్ఛాపురం, సోంపేట మద్రాసులోనే ఉండిపోయాయి. మా తాతగారు బరంపురంలో ఇల్లు మారకుండానే రాష్ట్రం మారారు. 1768లో చికాకోలు సర్కారుకు ఉత్తరపు హద్దుగా కట్టిన కోట, 1936 తర్వాత ఒడిశాకు దక్షిణపు జిల్లాలో ఉంది. మాస్టారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నారు, తర్వాత "మీ తాతగారూ కోటే అన్నమాట" అన్నారు.

డిసెంబరు 20, బరంపురం

మట్టి నమూనా ఎండింది, ఐదు మొనల్లో మూడు చీలాయి. కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టిని ఉన్నదున్నట్టు వాడడం నా తొందరపాటు. మందంగా ఉన్న ఒడ్డు నెమ్మదిగా ఎండుతుంది, సన్నని మొన ముందే ఎండి లాక్కుంటుంది, రెండూ కలిసేచోట నెర్రె తీస్తుంది. కుమ్మరి వచ్చి చూసి, మెత్తటి ఊక, నానబెట్టి దంచిన పాత కాగితం కలపమని, తడిగుడ్డ మొనల మీద మాత్రమే కప్పి నాలుగు రోజులు నీడలో ఉంచమని చెప్పాడు. "మొనకు తొందరెక్కువ, దాన్ని ఆపాలి" అన్నాడు. రెండోసారి పోశాను. ఇప్పటికి ఒక్క వెంట్రుకవాసి గీత తప్ప నెర్రె లేదు.

నమూనాలో కట్టల మీద గడ్డి వేయాలా వద్దా అన్న చర్చ ఇంట్లో జరిగింది. 1768 నాటి కోటను చూపించాలంటే కట్ట నున్నగా ఉండాలి, నేటి కోటను చూపించాలంటే పొదలుండాలి. సగం కోట అప్పటిది, సగం ఇప్పటిది చేయమంది నా భార్య. నాకు అది సబబుగా తోచింది. మూడు మొనలు పదునుగా, నున్నగా ఉంటాయి. రెండు మొనలను వేలితో కొంచెం జారవిడిచి, కందకాన్ని సగం పూడ్చి, ఎండిన నాచుతో పొదలు పెడుతున్నాను.

డిసెంబరు 29, గంజాం, రాత్రి బరంపురం

చుట్టు పూర్తయింది. పద్నాలుగో మేకు నుంచి ఒకటో మేకు కనబడగానే మేనల్లుడు ఈల వేశాడు.

ఇంటికి వచ్చి కోణాలన్నిటినీ కూడిక వేశాను. పద్నాలుగు భుజాల మూతగీతకు లోపలి కోణాల మొత్తం 12 ఇంటు 180, అంటే 2,160 డిగ్రీలు రావాలి. నాకు 2,157 డిగ్రీల 30 నిమిషాలు వచ్చింది. రెండున్నర డిగ్రీల లోటు. కంపాసు మీద అరడిగ్రీ వరకే చదవగలం కనుక, 30 నిమిషాలను పద్నాలుగు వర్గమూలంతో గుణించి దాదాపు 112 నిమిషాల వరకు తప్పు ఉండవచ్చని పాత లెక్క. నా తప్పు 150 నిమిషాలు. ఉద్యోగంలో ఉండగా ఎవరైనా ఈ నక్ష తెచ్చిస్తే మారుమాట లేకుండా వెనక్కి పంపేవాణ్ని.

ఉన్న లోటును పద్నాలుగు కోణాలకూ తలా కాస్త పంచేసి గీత కలిపెయ్యవచ్చని, చూసే పిల్లలకు తేడా తెలియదని మేనల్లుడు అన్నాడు. హద్దు లోపలి తప్పును పంచవచ్చు, హద్దు దాటినదాన్ని పంచితే దాన్ని దాచడమంటారని చెప్పి, ఫీల్డ్ బుక్కు మొదటి నుంచి తిరగేశాను. ముందు చూపు, వెనుక చూపు ఎక్కడెక్కడ సరిపోలేదో ఎర్ర సిరాతో గుర్తు పెడితే, గుర్తులన్నీ తొమ్మిది, పది స్టేషన్ల దగ్గరే పడ్డాయి. డిసెంబరు 8న చేపలమ్మ వచ్చిన చోటు అది. ఆ రోజు ఆమె వెళ్లిన తర్వాత తొమ్మిదో మేకు దగ్గర వెనుక చూపు తీయలేదు, పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది. పదో మేకును తర్వాతి వారం నీటి అంచున, రెల్లులో నిలబడి, కాలు జారుతుండగా చూశాం.

కాబట్టి ఆ రెండు కోణాలూ మళ్లీ తీయాలి. వచ్చే ఆదివారం ఉదయం ఏడింటి బస్సు. మేనల్లుడు గమ్‌బూట్లు అరువు తెస్తానన్నాడు. మాస్టారు ఫ్లాస్కులో టీ తెస్తారు. ఫోన్లు సంచిలో ఉంటాయి.